అడగకుండా మూసిన బావి

1953 అక్టోబరు ఒకటో తేదీ, గురువారం. ఆ రోజు గుడియాత్తంలో గుణశేఖరం ఇంట్లో సేమ్యా పాయసం, చిక్కుడుకాయ వేపుడు, మామిడల్లం పచ్చడి. పండగా కాదు, పబ్బమూ కాదు. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిందని రేడియోలో చెప్పిన రోజు. "మన ఊరు దాంట్లో లేదు గదా, పాయసం ఎందుకు?" అని గుణశేఖరం అడిగితే అతని భార్య భారతమ్మ గరిటె ఆపకుండానే, "నేను పుట్టిన చిత్తూరు ఉండాది గదా. పుట్టింట్లో శుభం జరిగితే మెట్టినింట్లో నోరు తీపి చేసుకోకూడదా?" అంది. ఏడాది తిరక్కుండానే ఆమె పోయింది. ఆ తర్వాత రాష్ట్రాలను మళ్ళీ ఒకసారి పంచుకున్నారు. బజారులో బోర్డుల మీద అక్షరాలు మారాయి. గుణశేఖరానికి మాత్రం ఆ రాజ్యాల లెక్క అంతా ఆ పాయసం దగ్గరే ఆగిపోయింది.

పోయిన వారం మనం అతన్ని వేలూరులో బస్సెక్కించి వదిలిపెట్టాం. కైలీ లుంగీల వ్యాపారి, కాలేజీ చదువు చదివినవాడు, ఎవరికైనా మాట ఇస్తే నిద్రలో కూడా దాన్ని తడుముకునే మనిషి. కీళ్‌కడల్ ఆయిల్ కంపెనీ వేలూరు ఏజెంటు ధర్మలింగం తన ఆఫీసులో అతన్ని కూర్చోబెట్టి అసలు సంగతి చెప్పాడు. బోర్నియో దీవి పక్కన, సముద్రంలో ఇనుప కాళ్ళు దించి, వాటి మీద మంచె కట్టి, కంపెనీ తవ్విన బావిలో నూనె పడలేదు. ఏడు వేల అడుగులు పోయినా ఉప్పునీళ్ళే. ఇంకో చోట తవ్వడానికి గుణశేఖరం లాంటి చిన్న భాగస్తులను మళ్ళీ డబ్బు అడగాలి. "శనివారం గుడియాత్తం వచ్చి అందరికీ నేనే చెప్తాను. అందాకా మీరు నోరు విప్పొద్దండి" అన్నాడు ధర్మలింగం. గుణశేఖరం సరేనన్నాడు.

ఇవాళ గురువారం. సాయంత్రం నాలుగు దాటింది. అంగడిలో బేరాలు లేవు. గుణశేఖరం మడతలు విప్పిన కైలీలను మళ్ళీ మడుస్తూ కూర్చున్నాడు. వెనక వైపు ఇల్లు. ఇంటి గడప మీద పక్కింటి పుష్పవల్లమ్మ పెట్టిపోయిన రసం గిన్నె ఉంది. రోజూ ఆమె ఏమీ అనకుండా పెట్టిపోతుంది, అతను కడిగి ఏమీ అనకుండా గోడమీద పెడతాడు. మూడేళ్ళుగా ఆ గిన్నె ఒక్కటే ఆ ఇంటికి తప్పకుండా వచ్చే చుట్టం.

జట్కా ఒకటి వచ్చి అంగడి ముందు ఆగింది. స్టేషను నుంచి ఊళ్ళోకి రావాలంటే జట్కా తప్పదు. అందులోంచి ముందు ఒక గోనెసంచి, దాని వెనక పంకజమ్మ దిగారు.

పంకజమ్మ భారతమ్మకు అక్క. లత్తేరిలో ఉంటుంది. భర్త లేడు, పిల్లలు లేరు. రెండెకరాల చేను, ఆ చేని గట్టున ఉన్న బావిలో నాలుగో వంతు, ఆయిల్ కంపెనీలో ఒక చిన్న భాగం. చెల్లెలు పోయిన తర్వాత ఆమె ఈ ఇంటికి రావడం ఇదే మొదటిసారి.

"ఏమప్పా, ఇట్ల చిక్కిపోయినావు? హోటలు కూడేనా?"

"రా వదినా. పక్కింటావిడ రసం పంపిస్తాది."

"రసం నీళ్ళకు జొరం పోతాది గానీ ఒంటికి కండ పడతాదా? ఇదో, శెనక్కాయలు తెచ్చినాను. కరేపాకు మా దొడ్లోది." ఆమె ఇంట్లోకి పోయి, బోర్లించిన కుండలను, చల్లారిన పొయ్యిని, గోడకు ఆనించిన ఒక్క కంచాన్ని చూసి వచ్చింది. వాటి గురించి ఒక్క మాట కూడా అనలేదు. ఆ అనకపోవడానికి గుణశేఖరం మనసులోనే దణ్ణం పెట్టుకున్నాడు.

"సరి, నేను వచ్చిన పని చెప్తా విను" అంటూ ఆమె కైలీల మూట మీద కూర్చుంది. "సముద్రం బావికి ఇంకోసారి బాగం కట్టాలంట గదా. రైల్లో చెప్పుకుంటా ఉండారు. నీళ్ళు అడుగంటినాయా?"

గుణశేఖరం మడత పెడుతున్న కైలీ అంచులు సరిగ్గా కలవలేదు. మళ్ళీ విప్పాడు.

"బావి అన్నాక అడుగంటకుండా ఉంటాదా?" ఆమే జవాబు చెప్పుకుంది. "లోతు తియ్యాల. దానికి దుడ్డు కావాల. అందుకే నా నీళ్ళ వంతు మా బావి బాగస్తుడు ఏళుమలైకి ఇచ్చేస్తా ఉండాను. బేరం కుదిరి తాంబూలం కూడా పుచ్చుకున్నాము. రేపు పొద్దున ఇక్కడే రిజిస్ట్రారాఫీసులో రాసేది. సాక్షి సంతకం నువ్వు పెట్టాల, అందుకే ఈ పొద్దే వచ్చినాను."

గుణశేఖరం చేతిలో కైలీని మడవకుండానే పక్కన పెట్టేశాడు.

ఆ వంతు అంటే ఏమిటో అతనికి తెలుసు. ఆ బావికి నలుగురు భాగస్తులు. ఎద్దులు కట్టి కపిల తోలి నీళ్ళు తోడుకోవడానికి ఒకరి తర్వాత ఒకరికి వంతు. ఎండాకాలం నీళ్ళు దిగిపోతే నలుగురూ డబ్బు వేసుకుని బావిని ఇంకా లోతు తీస్తారు. రాయి అడ్డం పడితే మందు పెట్టి పగలగొడతారు. తన భాగం ఇవ్వనివాడికి ఆ ఏడు వంతు లేదు. అంతే తప్ప బావి చచ్చిపోయిందని వదిలేయడం ఆ చుట్టుపక్కల ఊళ్ళలో ఎవరూ ఎరగరు. తాతలు తవ్విన బావిని మనవళ్ళు లోతు తీస్తూనే ఉంటారు. వంతు పోతే ఆ రెండెకరాలు వట్టి మెట్ట. వాన పడితే పంట, లేకపోతే లేదు. మిగతా బతుకంతా ఆమె ఆకాశం వైపు చూస్తూ కూర్చోవాలి.

"వదినా, శనివారం దాకా ఆగరాదా?"

"తాంబూలం పుచ్చుకున్న తర్వాత ఆగేదేంది నాయనా?"

అప్పుడే "చెట్టిగారూ!" అంటూ ధర్మలింగం లోపలికి వచ్చాడు. లావుపాటి మనిషి. వేలూరు బస్సు దిగి ఎండలో నడిచి వచ్చినందుకు చొక్కా వీపుకు అతుక్కుపోయి ఉంది. శనివారం ఎంతమంది వస్తారో, ఎక్కడ కూర్చోబెట్టాలో చూసుకుని ఏడు గంటల బస్సుకు తిరిగిపోదామని వచ్చాడు. పంకజమ్మను చూసి రెండు చేతులూ జోడించాడు.

"లత్తేరి అమ్మగారా? మా కంపెనీ భాగస్తుల్లో ఆడవాళ్ళు తక్కువ. మీ పేరు నాకు బాగా గుర్తుండాది."

"పేరు గుర్తుండేది సరి. బావి యెట్ల ఉండాది?"

ధర్మలింగం నవ్వాడు. జేబులోంచి రుమాలు తీసి మూట విప్పాడు. లోపల వేలెడంత బూడిదరంగు రాయి. "సముద్రం అడుగునుంచి వచ్చినాదమ్మా. గొట్టంలో ఇరుక్కుని పైకి వస్తాది. వాసన చూడండి."

పంకజమ్మ రాయిని ముక్కు దగ్గర పెట్టుకుంది. కళ్ళు మూసుకుంది. "బుడ్డి దీపం వాసన" అంది.

"చూసినారా! నూనె ఆ పక్కన యాడనో ఉండాది. ఒడ్డు మీద గీతలు గీసి ఇది ఆంధ్రా, ఇది మద్రాసు అని పంచుకున్నారు. సముద్రం అడుగున అదేమీ లేదు. ఎవరికి చిక్కితే వాళ్ళది."

"మా బావి కాడా గీత లేదప్పా. ఇద్దరం తెలుగు, ఇద్దరు తమిళం. తిట్టుకునేటప్పుడు అందరం తమిళమే" అంది పంకజమ్మ. ధర్మలింగం పగలబడి నవ్వాడు. గుణశేఖరం కూడా నవ్వబోయి ఆగిపోయాడు.

"వాసన ఉండాదంటే నూనె ఉండాది" అంది ఆమె. "ఇంకా లోతు తియ్యండి. నా బాగం నేను ఇస్తాను."

"ఆ బావి కాదమ్మా. ఇంకో చోట, కొత్తది."

"కొత్తదా? దీనికేమొచ్చె? రాయి పడినాదా? మందు పెట్టేది!"

ధర్మలింగం రాయిని రుమాల్లో చుట్టడం మొదలుపెట్టాడు. చుట్టడం అయిపోయాక కూడా ఆ ముడినే చూస్తూ ఉన్నాడు. తర్వాత గుణశేఖరం వైపు చూశాడు. ఆ చూపులో బెదిరింపు లేదు, బతిమాలుకోవడం ఉంది. శనివారం దాకా, ఒక్క శనివారం దాకా.

గుణశేఖరం పంకజమ్మను చూశాడు. ఆమె సంచిలోంచి ఒక శెనక్కాయ తీసి ఒలుస్తూ జవాబు కోసం ఎదురుచూస్తోంది. చేతులు భారతమ్మ చేతుల్లాగే ఉన్నాయి, పొట్టి వేళ్ళు.

"వదినా, ఆ బావి ఇప్పుడు లేదు" అన్నాడు. "నూనె పడలేదు. సిమెంటు పోసి మూసేసినారు. మంచె కూడా పీక్కొని పోయినారు. అక్కడ వట్టి సముద్రం తప్ప ఏమీ లేదు."

ధర్మలింగం బల్ల మీద కూలబడ్డాడు.

"మూసేసినారా?" అంది పంకజమ్మ.

"అవును వదినా."

"నన్నడక్కుండానా?"

ఆమె ఏడుస్తుందనుకున్నాడు గుణశేఖరం. డబ్బు పోయిందని గుండెలు బాదుకుంటుందనుకున్నాడు. ఆమె లేచి నిలబడింది.

"ఏమయ్యా, నిన్నే! బాగస్తులు రాకుండా, వాళ్ళకు కబురన్నా పెట్టకుండా, బావి పూడ్చేది యాడన్నా ఉండాదా? మా లత్తేరిలో బావిలో కుక్క పడితే కూడా నలుగురినీ పిలిచి తీస్తారు."

"అమ్మా, వేల మంది భాగస్తులు. మద్రాసులో, పెనాంగులో, యాడెక్కడో ఉండారు. అందరినీ అడగాలంటే అయ్యే పనేనా?"

"నీకు పెండ్లి అయినాదా?"

"అయినాదమ్మా."

"ఎంతమందిని పిలిచినావు? మేనమామ మేనల్లుడి తోడల్లుణ్ణి కూడా పిలిచినావు గదా. వచ్చినోళ్ళు తిన్నారు, రానోళ్ళు తినలా. పిలవకుండా అయితే ఉండలా."

ధర్మలింగం ముఖం తుడుచుకున్నాడు. "నేను దొంగను కాదమ్మా. నా చెల్లెలి గాజులు కూడా ఆ బావిలోనే పోయినాయి. సముద్రంలో పది చోట్ల తవ్వితే ఒక చోట పడతాదని తెలిసే తవ్వుతారు. ఎండిన దాని దగ్గర మంచె నిలబెడితే రోజు గడిచే కొద్దీ ఖర్చు. అందుకే మూసేసి పోతారు. ఇది వాళ్ళ పద్ధతి."

"పెద్ద కంపెనీకి తొమ్మిది ఎండిపోయినా పదోది చాలు" అన్నాడు గుణశేఖరం మెల్లగా. "వాళ్ళకు పది తవ్వే స్తోమత ఉండాది. మీ కంపెనీకి ఉండింది ఒక్క బావి. ఇప్పుడు మా దగ్గర తీసుకునేది ఇంకొక్కదానికి. అది కూడా ఎండితే?"

"పడితే?" అన్నాడు ధర్మలింగం. "పడితే, చెట్టిగారూ?"

పడవచ్చు. అదే అందులో ఉన్న కష్టం. పచ్చి మోసమైతే పోలీసుల దగ్గరికి పోవచ్చు, తిట్టవచ్చు. ఇది మోసం కాదు. చీకట్లో చెయ్యి పెట్టి తడమడం. పెద్దవాళ్ళకు పది చేతులు, వీళ్ళకు ఒక్కటి.

బస్సు వేళయింది. ధర్మలింగం వీధి మలుపు దాకా వచ్చిన గుణశేఖరంతో, "మాట తప్పినారు" అన్నాడు.

"తప్పినాను."

"ఇంక శనివారం వచ్చి నేనేమి చెప్పాల?"

"ఇప్పుడు చెప్పిందే."

ధర్మలింగం కొంచెం దూరం పోయి వెనక్కి వచ్చాడు. "నెల రోజులుగా ఎవరితోనూ చెప్పుకోలేక అన్నం సయించలేదండీ నాకు. మీరు అనేసరికి లోపల ఏదో దిగినట్టుండాది. ఈ మాట మాత్రం శనివారం ఎవరి దగ్గరా అనొద్దు." గబగబా నడిచిపోయాడు. కదలబోతున్న బస్సును కండక్టరు అతని కోసం ఆపడం గుణశేఖరం దూరం నుంచే చూశాడు.

తిరిగి వచ్చేసరికి ఇంట్లో పొయ్యి వెలుగుతోంది. చాలా కాలానికి ఆ గోడల మీద మంట నీడలు ఆడాయి. పంకజమ్మ సంగటి కెలికి, శెనక్కాయల పచ్చడి నూరింది. పుష్పవల్లమ్మ పెట్టిపోయిన రసం వేడి చేసింది. ఒక్కటే కంచం బయట ఉంటే రెండోది పెట్టె అడుగునుంచి వెతికి తీసి కడిగింది.

ఇద్దరూ కూర్చుని తిన్నారు. చేతులు కడుక్కున్న తర్వాత గుణశేఖరం, "రేపు ఏళుమలైకి చెప్పేద్దాం వదినా. తాంబూలం వెనక్కి ఇచ్చేద్దాం. మాట పడేది నేను పడతాను" అన్నాడు.

"ఎందుకు వెనక్కి?"

"బావి లేదని తెలిసినాది గదా!"

"తెలిసినాది కాబట్టే ఇంకా కట్టాల." ఆమె గొంతు మామూలుగానే ఉంది. "రెండో బావికి బాగం ఇయ్యకపోతే నాకు నోరుండాదా? దాన్ని కూడా నన్నడక్కుండానే మూసేస్తారు. ఇచ్చినోళ్ళనైతే శనివారం పేరు పెట్టి పిలుస్తారంట గదా, రైల్లో అదీ చెప్పుకున్నారు. పిలిస్తే పోయి అడుగుతాను. ఒకసారి మూసినారు, ఇంకోసారి మూసేటప్పుడు మాతో చెప్పండి అని."

గుణశేఖరం ఆమెను ఆపడానికే మాట తప్పాడు. ఆ నిజమే ఆమెను ఇంకా ముందుకు తోసింది.

"లత్తేరిలో నోరు పోగొట్టుకుని బోర్నియోలో తెచ్చుకుంటావా వదినా?"

"లత్తేరిలో నాకు నోరు యాడుండాదప్పా?" ఆమె పొయ్యిలో కట్టె వెనక్కి లాగి నీళ్ళు చల్లింది. "కపిల తోలే రోజుల్లో తెల్లారి కోడి కూయకముందే వచ్చి తలుపు తట్టేవాళ్ళు. 'పంకజమ్మా, నీ వంతు వచ్చినాది' అని. ఆయన పోయిన తర్వాత కూడా అట్లే పిలిచేవాళ్ళు. ఆ పిలుపు కోసమే నేను మేలుకొని పడుకునేదాన్ని. పోయినేడు ఏళుమలై కొడుకులు బావికి ఇంజను పెట్టినారు. ఇంక ఎద్దులు లేవు, పిలుపూ లేదు. నీళ్ళు వస్తాయి, మనిషి రాడు. ఇంజను అరుస్తా ఉంటాది, నేను ఇంట్లో కూర్చుని వింటా ఉంటాను."

గుణశేఖరం పీట ఆమె దగ్గరికి జరుపుకున్నాడు.

"ఆ ఇంజను తాగేది నూనే గదా. ఇంకా ఊరూరా పెడతారు. దానికి నూనె యాడనుంచి వస్తాదో ఆడ నాకూ ఒక బాగం ఉంటే ఏమని అనుకున్నాను. నవ్వద్దు."

"నవ్వడం లేదు వదినా." నిజంగానే అతనికి నవ్వు రాలేదు. వేలూరులో కోటు వేసుకున్న మనుషులు గంటసేపు చెప్పిన లెక్క కంటే ఆ లెక్క గట్టిగా ఉంది. అయినా నూనె లేని చోట నూనె లేదు.

"సాక్షి సంతకం నేను పెట్టను" అన్నాడు.

"పెట్టకపోతే ఏళుమలై తెచ్చుకుంటాడు సాక్షిని. నీ చెయ్యి పక్కన ఉంటే నాకు ధైర్యంగా ఉంటాదనుకున్నాను, అంతే." ఆమె కంచాలు రెండూ కడిగి, పక్కపక్కన బోర్లించింది. "అడిగి చేసేదానికి నాకెవరుండారు చెప్పు?"

భారతమ్మ గదిలో చాప పరిచి ఉంది. సాయంత్రమే పంకజమ్మ ఊడ్చి పరుచుకుంది. ఆ గది గుణశేఖరం ఈ మధ్య తీయడమే లేదు. ఆమె దీపం తీసుకుని గడప దాటబోతుంటే అతను లేచాడు.

"వదినా, లత్తేరిలో నీళ్ళ వంతు అమ్మాలంటే ముందు అయినవాళ్ళను అడిగి, వాళ్ళు వద్దన్న తర్వాతే బయటివాళ్ళకు ఇస్తారు గదా?"

"అవును. పెద్దల కాలం నుంచీ అంతే."

"మరి నన్నడిగినావా?"

ఆమె దీపంతో సహా ఆగిపోయింది. మంట ఒకపక్కకు వాలి మళ్ళీ నిలబడింది.

"నువ్వు..." అంది.

"భారతమ్మ పోయినాది. నేను పోలేదు వదినా" అన్నాడు గుణశేఖరం. "నన్నడక్కుండా నాకూ నీకూ మధ్య ఉండే దారి మూసేస్తా ఉండావు. రేపు పొద్దున రిజిస్ట్రారాఫీసు దగ్గర ఏళుమలై ముందర నేను ఇదే అడిగితే ఏమి చెప్తావు?"

వీధిలో ఎవరో అంగడి పలకలు ఒక్కొక్కటే మూసుకుంటున్న చప్పుడు వినిపించింది. పంకజమ్మ అతని ముఖంలోకి చాలాసేపు చూసింది. కోపం వచ్చిందో, ఇంకేమైనా వచ్చిందో దీపం వెనక ఉన్న ఆ ముఖంలో అతనికి కనబడలేదు. అవునని గానీ కాదని గానీ అనకుండా ఆమె గదిలోకి పోయింది.

తలుపు రెక్కలు రెండూ ఒకదాని తర్వాత ఒకటి, చప్పుడు కాకుండా, మెల్లగా దగ్గరికి వచ్చాయి. గుణశేఖరం గడియ పడే చప్పుడు కోసం చీకట్లో నిలబడి విన్నాడు. అది పడలేదు.